తెల్లవారుజామున దుప్పటి, సాయంత్రం విసనకర్ర: ఏసీలో లోపం ఎక్కడ?

ప్రశ్న: మాది ఆదోని. మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో ఉంటాము. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉన్న పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెట్టించి నాలుగేళ్ళయింది. మొదటి రెండు ఎండాకాలాలు ఏ ఇబ్బందీ లేదు. పోయిన సంవత్సరం మే నెలలో చల్లదనం తగ్గితే మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి, బయటి యూనిట్‌ను విప్పి శుభ్రంగా కడిగి వెళ్ళాడు. ఆ ఏడాది గడిచిపోయింది. ఈ ఏప్రిల్‌లో మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ గ్యాస్ నింపాడు. ఈసారి పంజరం తాళంచెవి దొరకక బయటి నుంచే నీళ్ళు కొట్టాడు. పది రోజులు కూడా నిలవలేదు. రిమోట్‌లో 18 పెట్టినా మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా గది 30 డిగ్రీల కిందికి దిగదు, తెల్లవారుజామున మాత్రం దుప్పటి కప్పుకోవలసి వస్తుంది. పైపులోంచి నీళ్ళు పడడం లేదు కాబట్టి గ్యాస్ అయిపోయిందని, మూడోసారి నింపాలని మెకానిక్ అంటున్నాడు. మా వెనక వీధిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఉంది. దొంగల భయంతో బయటి యూనిట్‌ను మిద్దె మీద ఇనుప పంజరంలో పెట్టి, ఎండ తగలకుండా పైన, ముందు రేకులు కొట్టించాము. ఎనభై ఏళ్ళ మా అత్తగారు ఆ గదిలోనే పడుకుంటారు. గ్యాస్ నింపించాలా, రెండు టన్నుల కొత్త ఏసీ కొనాలా? — ఒక పాఠకురాలు, ఆదోని

సమాధానం: అమ్మా, మూడోసారి గ్యాస్‌కు ఇప్పుడే డబ్బు ఇవ్వకండి, కొత్త ఏసీ మాట కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీ ఏసీ లోపం ఎక్కడుందో మీ ఉత్తరంలోనే చాలావరకు ఉంది. దానిని రెండు కొలతలతో రుజువు చేసుకొని, ఆ తరువాత డబ్బు తీయడం మంచిది.

ముందుగా గ్యాస్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఏసీ చల్లగా లేదంటే చాలు, మొదట వినిపించే మాట అదే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు వంటిది కాదు, వాడినకొద్దీ ఖర్చయ్యేది కాదు. అది నలువైపులా మూసిన రాగి గొట్టాలలో లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య తిరుగుతూ, లోపల ద్రవం నుంచి ఆవిరిగా మారేటప్పుడు గదిలోని వేడిని పీల్చుకొని, బయట మళ్ళీ ద్రవంగా మారేటప్పుడు ఆ వేడిని వదిలిపెడుతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉండే ఉంటుంది, దానికి ఎన్నిసార్లు గ్యాస్ నింపించారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండింటిలోనూ జరిగే పని ఒకటే. ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో రంధ్రం పడిందనో, గొట్టాలను కలిపే నట్టు వదులైందనో అర్థం. ఆ చోటు కనిపెట్టి మూయకుండా పైనుంచి నింపడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే అవుతుంది. మీ మెకానిక్ రెండుసార్లు నింపాడు కాని, లీకు ఫలానా చోట ఉందని ఒక్కసారి కూడా చూపించినట్లు మీరు రాయలేదు.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన మాట, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసి వస్తుందన్నది. గ్యాస్ బాగా కారిపోయిన ఏసీకి రాత్రీ పగలూ తేడా అంతగా ఉండదు. అది మధ్యాహ్నం ఎంత బలహీనంగా ఉంటుందో తెల్లవారుజామునా దాదాపు అంతే బలహీనంగా ఉంటుంది, పైగా వారం వారం ఇంకొంచెం దిగజారుతుంది. దుప్పటి కప్పుకునేంత చల్లబరచగలిగిన యంత్రంలో గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ పనిచేస్తోంది, గ్యాస్ తిరుగుతోంది, లోపలి కాయిల్, అంటే ఆ రాగి గొట్టాల చుట్ట, చల్లబడుతోంది. కొద్దిపాటి లీకు ఉండనే ఉండదని నేను ప్రమాణం చేయలేను కాని, మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర గది మొండికేయడానికి అసలు కారణం అది కాదని నా అభిప్రాయం. మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా ఉండి తెల్లవారేసరికి లేకుండా పోయే ఇబ్బంది ఏమిటని వెదకాలి. అలా చూస్తే ఒకటి బయటి యూనిట్ చుట్టూ ఉన్న వేడి, రెండోది మీ నెత్తిమీద ఉన్న మిద్దె. కొన్ని వీధుల్లో వోల్టేజీ కూడా ఆ వేళల్లోనే పడిపోతుంది.

బయటి యూనిట్ చేసే పనిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఒక టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని తీయగల శక్తి. మీ ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తే గదిలోంచి అయిదు కిలోవాట్లకు పైగా వేడిని లాగుతుంది, దానికి కంప్రెసర్ తినే కరెంటు తాలూకు వేడి మరో ఒకటిన్నర కిలోవాటు తోడవుతుంది. ఈ మొత్తాన్నీ ఆ బయటి పెట్టె గాలిలోకి వదిలెయ్యాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్న చోటు నుంచే తక్కువ వేడిగా ఉన్న చోటుకు పోతుంది కాబట్టి, బయట గాలి ఎంత వేడిగా ఉంటే లోపలి గ్యాస్‌ను కంప్రెసర్ దానికన్నా అంత ఎక్కువ వేడికి, ఒత్తిడికి తీసుకుపోవాలి. మన దేశంలో ఏసీల సామర్థ్యాన్ని లెక్కగట్టే ప్రమాణ పరీక్షలో బయటి గాలి 35 డిగ్రీలు, గది 27 డిగ్రీలు ఉంటాయి. పెట్టె మీద అచ్చువేసిన ఒకటిన్నర టన్నులన్నది ఆ లెక్కన చెప్పిన మాట. మే నెలలో ఆదోని మిద్దె మీద 35 డిగ్రీలు ఉండేది ఏ పొద్దుపోయాకనో. 42 డిగ్రీల ఎండలో ఎంత మంచి ఏసీ అయినా ఆ అంకె కన్నా తక్కువే ఇస్తుంది.

మీ పంజరంలో ఉండేది ఆ 42 కూడా కాదు, అంతకన్నా ఎక్కువ. పంజరానికి పైన, ముందువైపు రేకులు కొట్టించామని రాశారు. బయటి యూనిట్ వెనక నుంచీ పక్క నుంచీ గాలిని పీల్చుకొని, కాయిల్ మీదుగా లాగి, ముందున్న ఫ్యాను గుండా బయటికి తోస్తుంది. ముందు రేకు అడ్డుంటే ఆ వేడిగాలి రేకుకు కొట్టుకొని తిరిగి వెనక్కు చేరుతుంది, యూనిట్ తాను వదిలిన గాలినే తాను మళ్ళీ పీలుస్తుంది. బయట 42 ఉంటే పంజరంలో 50 దాటడం వింత కాదు. నీడ కోసం మీరు చేసిన ఆలోచన తప్పు కాదు కాని, నీడ పైనుంచి, మూడు నాలుగడుగుల ఎత్తులో, గాలి ధారాళంగా ఆడేటట్లు ఉండాలి. ముందు రేకును, కింద చెప్పబోయే మొదటి కొలతలు తీసిన వెంటనే ఊడదీయించండి. పైనున్న రేకు యూనిట్‌కు ఆనుకొని ఉంటే దానినీ పైకి లేపించండి. దొంగల భయానికి ఇనుప కమ్ముల జాలీ చాలు, దానిలోంచి గాలి పోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో అచ్చం ఇలాగే రేకుల గూడు కట్టి, ఏసీకి రెండు కంప్రెసర్లు మార్పించిన తరువాత గూడును విప్పారు. మొదటి కంప్రెసర్ పోయినప్పుడే విప్పి ఉండవలసిందని ఇంటాయన ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

ఆ తరువాతి అనుమానం మీ వెనక వీధి మిల్లు మీద. ఆదోని పత్తి మార్కెట్టు గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. చలికాలమంతా పత్తి దిగి, జిన్నింగ్ మిల్లులు ఆడినన్నాళ్ళూ గాలిలో సన్నని దూది నూగు తేలుతూనే ఉంటుంది. బయటి యూనిట్ కాయిల్‌కు పలుచని అల్యూమినియం రేకులు, మెకానిక్‌లు ఫిన్స్ అనేవి, వందల సంఖ్యలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య సందు బియ్యపు గింజ కూడా దూరనంత సన్నగా ఉంటుంది. అక్కడ దూది చిక్కుకుంటే దానిమీద దుమ్ము పేరుకొని, కంబళి ముక్క కప్పినట్లు అవుతుంది. చలికాలంలో ఏసీ వాడరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు, మార్చిలో ఎండ ముదిరాకే బయటపడుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిల్లుల దగ్గర ఉండే ఇళ్ళలో ఇదే పని రాతిపొడి చేస్తుంది. కాకపోతే పొడిని నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది, దూది అలా పోదు. బయటి నుంచి నీళ్ళు కొడితే తడిసి, ఫిన్స్ మధ్య ఇంకా లోపలికి దిగి, ఎండిన తరువాత అట్టలాగా బిగుసుకుంటుంది.

ఇప్పుడు మీ రెండు సంవత్సరాల కథను దీనితో కలిపి చూడండి. పోయిన ఏడాది మెకానిక్ గ్యాస్ నింపాడు, యూనిట్‌ను విప్పి కడిగాడు, ఏసీ బాగుపడింది. ఈ ఏడాది గ్యాస్ నింపాడు, విప్పకుండా బయటి నుంచి నీళ్ళు చల్లాడు. పది రోజులకు మొదటికి వచ్చింది. ఏప్రిల్ గడిచి మే దగ్గరపడేకొద్దీ ఎండా పెరిగింది. పోయినసారి ఏసీని బాగుచేసింది గ్యాస్ కాదని, ఆ కడగడమేనని నేను అనుకుంటున్నాను. ఒకే రోజు రెండు పనులు చేసినప్పుడు పేరు మాత్రం డబ్బు ఎక్కువ పుచ్చుకున్న పనికే దక్కుతుంది.

దీనిలో ఇంకొక చిక్కు ఉంది. మొదట గ్యాస్ తగ్గి ఉండకపోతే, రెండుసార్లు నింపిన గ్యాస్ ఇప్పుడు లోపల అదనంగా ఉన్నట్లు. ఎక్కువ గ్యాస్ ఎక్కువ చల్లదనం ఇస్తుందని చాలామంది అనుకుంటారు కాని, జరిగేది వేరు. అదనపు ద్రవం బయటి కాయిల్‌లో చేరి చోటు ఆక్రమిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఎండ వేళ అది హద్దు దాటబోయేసరికి ఇన్వర్టర్ ఏసీ తనను తాను కాపాడుకోవడానికి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. గదిలో ఉన్నవారికి ఏసీ ఆడుతూనే కనిపిస్తుంది, గాలి వస్తూనే ఉంటుంది, చల్లదనం మాత్రం సగమే ఉంటుంది. దూదితో మూసుకుపోయిన కాయిల్, పంజరంలో తిరిగే వేడిగాలి కూడా సరిగ్గా ఈ లక్షణాన్నే తెచ్చిపెడతాయి. తక్కువ గ్యాస్‌కూ దీనికీ తేడా తెలియని మెకానిక్ చేతిలో ఏసీ ప్రతిసారీ ఇంకొంచెం గ్యాస్ తాగి ఇంకొంచెం నీరసపడుతుంది.

నీళ్ళు పడడం లేదన్న దాని గురించి కంగారుపడకండి. పైపులోంచి వచ్చే నీళ్ళు గదిగాలిలోని తేమే కాని, ఏసీ తయారుచేసేవి కావు. బందరులోనో కాకినాడలోనో వేసవిలో ఆ నీళ్ళతో బకెట్లు నిండుతాయి, ఎందుకంటే అక్కడి గాలి నిండా తేమ ఉంటుంది. మన దగ్గర మే నెల గాలి ఉతికిన బట్టను చూస్తుండగానే ఆరబెట్టే గాలి. దానిలో పిండుకోవడానికి నీళ్ళెక్కడివి? ఏదో నాలుగు చుక్కలు పడవచ్చు, అవి పైపులోనే ఆరిపోనూవచ్చు. జూన్‌లో రెండు వానలు పడనివ్వండి, అదే ఏసీ అదే గ్యాస్‌తో నీళ్ళు కారుస్తుంది. భయపడవలసింది నీళ్ళు లేకపోవడానికి కాదు, మంచు కట్టడానికి. లోపలి కాయిల్ మీదో, బయట సన్న గొట్టం మీదో తెల్లగా మంచు కనిపిస్తే అది గ్యాస్ తగ్గినందుకో, గాలి ఆడనందుకో గుర్తు, అప్పుడు కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే తిప్పి మంచు కరగనివ్వాలి. మీరు మంచు మాట రాయలేదు, అది కూడా నా అనుమానాన్నే బలపరుస్తోంది.

ఇక ఆ రెండు కొలతలు. మార్కెట్లో చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనండి, తీగ చివర సెన్సర్ ఉండేది అయితే మేలు. దానికి ముందు లోపలి యూనిట్ ఫిల్టర్లు తీసి, కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. మీ వీధిలో ఇది వేసవిలో వారానికొకసారి చేయవలసిన పని. రిమోట్ కూల్ మోడ్‌లోనే ఉందో లేదో చూడండి. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీలు చాలావాటిలో సామర్థ్యాన్ని 80, 60, 40 శాతానికి తగ్గించే మీట ఒకటి ఉంటుంది, పిల్లలు నొక్కితే అలాగే ఉండిపోతుంది. దానిని పూర్తి సామర్థ్యానికి తెచ్చుకోండి. మధ్యాహ్నం మూడు గంటలకు తలుపులు, కిటికీలు మూసి, 16 డిగ్రీలు, ఎక్కువ ఫ్యాను వేగం పెట్టి, ఇరవై నిమిషాలు ఆగండి. ఆ తరువాత లోపలి యూనిట్ పైభాగాన గాలి లోపలికి వెళ్ళే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే రెక్కల మధ్య ఒకసారి ఉష్ణోగ్రత చూసి, తేడా రాసుకోండి. మర్నాడు తెల్లవారుజామున ఇదే పని మళ్ళీ చేయండి. కాని అప్పటికే గది చల్లగా ఉంటే ఇన్వర్టర్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, కొలత తప్పుగా వస్తుంది. కాబట్టి ఒక గంట ముందు ఏసీ ఆపి, తలుపులు తెరచి, గది వేడెక్కిన తరువాత మొదలుపెట్టండి. రిమోట్ తెర మీద కనిపించే అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అది మీరు కోరిన ఉష్ణోగ్రత, గదిలో ఉన్నది కాదు.

మన పొడి వాతావరణంలో ఆరోగ్యంగా ఉన్న ఏసీ ఈ రెండు చోట్లకూ మధ్య పది నుంచి పద్నాలుగు డిగ్రీల తేడా చూపాలి. తెల్లవారుజామున పన్నెండు ఉండి మధ్యాహ్నం ఏడో ఎనిమిదో వస్తే లోపం బయటి యూనిట్‌లో, దాని చుట్టూ ఉన్న గాలిలో ఉన్నట్లు; మీ ఇంట్లో ఇదే వస్తుందని అనుకుంటున్నాను. రెండు పూటలా ఆరూ ఏడుకు మించకపోతే నా అంచనా తప్పు, మీ మెకానిక్ మాటలో నిజం ఉంది. అప్పుడు లీకు వెదికించాలి. రెండు పూటలా పన్నెండు వస్తూ గది మాత్రం చల్లబడకపోతే ఏసీ తన పని తాను చేస్తోంది, గదిలోకి వచ్చే వేడే ఎక్కువ. గాలి చల్లగానే ఉండి, పలుచగా, నీరసంగా వస్తుంటే లోపలి బ్లోయర్ చక్రానికి దుమ్ము పట్టిందని అర్థం. ఫిల్టర్లు కడిగినా అది పోదు, విప్పి కడగవలసిందే.

బయటి కాయిల్‌ను ఎలా శుభ్రం చేయించాలో చెబుతాను, మీరు స్వయంగా మాత్రం చేయకండి. పిట్టగోడ మీదికి వంగి చేసే పని అయితే మరీ వద్దు. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి కట్టేసిన తరువాత టార్చిలైటుతో వెనకవైపు కాయిల్ చూడమనండి, దూది ఉంటే కంటికి కనిపిస్తుంది. మొదట తడి తగలనివ్వకుండా, మెత్తని బ్రష్‌తో ఫిన్స్ నిలువునా పైనుంచి కిందికి లాగి పొడి దూదిని తీసేయాలి. అడ్డంగా లాగితే ఫిన్స్ వంగిపోయి, చేసిన మేలు చెడుతుంది. ఆ తరువాత పైమూత విప్పి, లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు పట్టాలి. దూది వచ్చిన దారినే పోవాలి. కార్లు కడిగే ఒత్తిడి పంపు వాడనివ్వకండి. పీసీబీ, అంటే ఎలక్ట్రానిక్ బోర్డు, ఉన్న పెట్టెను కప్పి ఉంచాలి, దానిని ఇంట్లోవారు ఎవరూ తెరవకూడదు. కరెంటు తీసేసిన తరువాత కూడా అక్కడి కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. కొందరు మధ్యాహ్నమంతా బయటి యూనిట్ మీద బోరునీళ్ళు చల్లుతూ ఉంటారు. ఆ పూటకు బాగానే ఉంటుంది కాని, ఉప్పునీళ్ళయితే ఒక్క వేసవిలోనే ఫిన్స్ మీద తెల్లని పొర కట్టి, దూది కన్నా మొండిదై కూర్చుంటుంది.

కడిగిన తరువాత కూడా తేడా తక్కువగానే ఉంటే, అప్పుడు గ్యాస్ వ్యవహారం పద్ధతిగా తేల్చాలి. లోపల ఇప్పుడు ఎంత ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఇంకొంచెం నింపడమూ కొంచెం వదలడమూ రెండూ గుడ్డి పనులే. ఉన్న గ్యాస్‌ను పూర్తిగా సిలిండర్‌లోకి తీసి, గొట్టాలలో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, నట్ల దగ్గర సబ్బునురగతో లీకు చూసి, వ్యాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేసి, బయటి యూనిట్ పక్కన అంటించిన చీటీలో ఎన్ని గ్రాములని రాసి ఉందో సరిగ్గా అన్ని గ్రాములు తూకం వేసి నింపాలి. గొట్టం పొడవు కంపెనీ చెప్పిన హద్దు దాటితే మీటరుకు ఇన్ని గ్రాములని అదనంగా చేర్చాలని కూడా ఆ కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, దానితో పాటు గేజి మీద ఒత్తిడీ మారుతుంది. గేజి ముల్లు చూసి మాత్రమే నింపడం పాత ఏసీల నాటి అలవాటు. మీ మెకానిక్ సంచిలో త్రాసు లేకపోతే ఈ పనికి వేరొకరిని పిలవడమే మంచిది. ఆ చీటీలోనే గ్యాస్ పేరు కూడా ఉంటుంది. అది ఆర్-32 అయితే కొద్దిగా మండే గుణం ఉన్నది, ఆర్-290 అయితే వంటగ్యాస్ వలె మండేది. ఆ పని జరిగే చోట బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు, ఒక గ్యాస్ ఉండవలసిన చోట మరొకటి నింపకూడదు.

వోల్టేజీ సంగతి స్టెబిలైజర్ మీద ఇన్‌పుట్ అని చూపే అంకె చెబుతుంది. సాయంత్రం అది 200 కిందికి తరచుగా పడుతుంటే, విద్యుత్ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్లగ్గు ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉందేమో కూడా చూడండి. ఉంటే ఏసీని వెంటనే ఆపి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మిద్దె గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కాయిల్ కడిగిన తరువాత మిగిలే ఇబ్బంది అదే. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు స్లాబు తన వేడిని వెంటనే లోపలికి వదలదు. నాలుగైదు గంటలు ఆలస్యంగా, సాయంత్రం నుంచి మొదలుపెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా వదులుతుంది. మీ గది రాత్రి పదకొండు దాటాకే చల్లబడడంలో దీని వంతు కూడా ఉంది. మీ గది పైకప్పు 168 చదరపు అడుగులు. దాని అడుగుభాగం 40 డిగ్రీలకు కాగి, గదిని 28 దగ్గర ఉంచాలని మీరు ప్రయత్నిస్తే, ఆ కప్పు నుంచి దిగే వేడి సుమారు ఒక కిలోవాటు ఉంటుంది; అంటే ఇస్త్రీపెట్టె ఒకటి సాయంత్రమంతా కప్పుకు వేలాడుతూ కాగుతున్నట్లు. మన పెద్దలు కట్టిన చౌడు మిద్దెలలో మట్టి మందం వల్ల ఈ బాధ ఇంతగా లేదు. వాటిని కూలగొట్టి స్లాబులు వేసుకొని, ఆ తరువాత ఏసీలు కొనుక్కున్నాము. ఇప్పుడు చేయదగింది మిద్దెను తెల్లగా ఉంచడం. జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయించినా, అంగళ్ళలో దొరికే తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేయించినా స్లాబు వేడి స్పష్టంగా తగ్గుతుంది. సున్నం వానలకు కొట్టుకుపోతుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేయించాలి. పచ్చని షేడ్ నెట్‌ను స్లాబుకు రెండు మూడడుగుల ఎత్తున కట్టినా మంచిదే, అయితే అది బయటి యూనిట్ గాలికి అడ్డం రాకూడదు. పడమటి కిటికీకి లోపల పరదా కన్నా బయట తట్టి కట్టడం మేలు, ఎండ అద్దం దాటకముందే ఆగిపోతుంది. ఏసీ గదిలో కూలర్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి. అది చేర్చే తేమను మళ్ళీ పిండడానికే ఏసీ శక్తి సగం పోతుంది.

రెండు టన్నుల ఏసీ గురించి నా మాట ఇది. దానిని తెచ్చి అదే పంజరంలో పెడితే, అది ఇంకా ఎక్కువ వేడిని అదే గూటిలోకి వదిలి, అదే దూదిని పీల్చుకొని, రెండో వేసవికి ఇదే ఉత్తరం మీచేత మళ్ళీ రాయిస్తుంది. పై అంతస్తు గది కాబట్టి ఒకటిన్నర టన్నులు పుష్కలం అనను కాని, గాలి ఆడితే, మిద్దె తెల్లబడితే, మధ్యాహ్నం 26, 27 దగ్గర గదిని నిలపడానికి సరిపోతుంది.

అత్తగారి విషయంలో ఈ లోపల కొంచెం జాగ్రత్త అవసరం. 18 పెట్టినందువల్ల గది త్వరగా చల్లబడదు, అది చేరవలసిన హద్దు మాత్రమే. సాయంత్రం యంత్రం ఎలాగూ శక్తికొద్దీ ఆడుతూనే ఉంటుంది, తెల్లవారుజామున బయటి వేడి తగ్గాక ఆ 18 కోసం పరుగెత్తి పెద్దావిడను వణికిస్తుంది. 25 గాని 26 గాని పెట్టి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర విద్యుత్ శాఖ కూడా చెబుతోంది. మిద్దె సంగతి తేలేదాకా ఆవిడను మధ్యాహ్నం పూట కింది అంతస్తులో పడుకోబెట్టగలిగితే మరీ మంచిది.

చివరగా పనుల వరుస గురించి. ఈ రోజు మధ్యాహ్నం, రేపు తెల్లవారుజామున కొలతలు తీయండి. తరువాత ముందు రేకు తీయించి, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కొలవండి. ఆ తరువాత కాయిల్ కడిగించి, ఆ మర్నాడు మళ్ళీ కొలవండి. త్వరగా అయిపోతుందని మెకానిక్ ఎంత తొందరపెట్టినా ఇవన్నీ ఒకే రోజు చేయనివ్వకండి, కడిగే రోజున గ్యాస్ సిలిండర్‌ను అసలు మిద్దె మీదికి తేనివ్వకండి. పోయిన ఏడాది ఏ పని వల్ల ఏసీ బాగుపడిందో మీకు తెలియకుండా పోయింది ఆ ఒక్క కారణం వల్లనే.